గోడ ఉంది... కనిపించదు!

ఇంజినీరింగ్ చదివే కుర్రాడు ఎవరో గీసిన ఇంటి త్రీడీ మోడల్ తెచ్చుకుని, తనకింకా అలవాటులేని సాఫ్ట్‌వేర్‌లో తెరిచాడనుకోండి. ముందు గోడ మాయం! లోపలి మెట్లు బయటికి కనిపిస్తున్నాయి. పైకప్పు మీద నల్లటి మరకలు. తెల్లారితే కాలేజీలో ప్రాజెక్టు చూపించాలి. 'కంప్యూటర్ పాతబడింది, గ్రాఫిక్స్ కార్డు మార్చాల్సిందే' అని ఇంట్లో తీర్మానం. ఆగండి, అప్పుడే పర్సు తీయకండి. ఇందులో కార్డు తప్పు దాదాపు ఎప్పుడూ ఉండదు.

పట్టుచీరకి పైవైపు, లోవైపు ఉన్నట్టే త్రీడీ మోడల్‌లోని ప్రతి పలకకీ రెండు వైపులుంటాయి. ఏది పైవైపో చెప్పేది ఆ పలక మీద నిటారుగా నిలబడ్డ ఓ ఊహారేఖ. పేరు నార్మల్. తెలుగు మీడియంలో చదివిన నాన్నలకు కాంతి పరావర్తనం పాఠంలో గీసిన అభిలంబం గుర్తుందిగా... అదే ఇది! పలక మీద వెలుగు ఎంత పడాలో లెక్కకట్టేది దీన్నిబట్టే.

మరి తిరగబడటం ఎలా? పలక మూలల్ని ఫైల్లో ఓ వరుసలో రాస్తారు. కుడిచేతి వేళ్లని ఆ వరుసలో ముడిస్తే బొటనవేలు చూపించేదే బయటివైపు. త్రీడీ ప్రింటింగ్ కోసం 1987లో వచ్చిన ఎస్‌టీఎల్ ఫైళ్లదీ ఇదే పద్ధతి. వరుస తారుమారైతే వేలు ఇంట్లోకి చూపిస్తుంది. సగం గీసి, మిగతా సగాన్ని అద్దంలో బొమ్మలా తిప్పి అతికించిన మోడళ్లలో ఈ తంటా ఎక్కువ.

గీసినవాళ్లకి ఇది తెలియకపోవడమే అసలు చిక్కు. బ్లెండర్ లాంటివి మామూలుగా రెండువైపులూ చూపిస్తాయి. గేమ్ ఇంజిన్లు అలా కాదు. పని తగ్గించుకోవడానికి, వీపు తిప్పిన పలకల్ని అసలు గీయనే గీయవు. అందుకే 'మా దగ్గర బాగానే ఉంది' అని పంపినవాళ్లూ, 'అన్నీ చిల్లులే' అని అందుకున్నవాళ్లూ... ఇద్దరూ చెప్పేది నిజమే.

ఉచితంగా దొరికే బ్లెండర్‌లో వైద్యం తేలిక. పై కుడిమూలన ఓవర్‌లేస్ జాబితాలో 'ఫేస్ ఓరియెంటేషన్' దగ్గర టిక్ పెట్టండి. తిరగబడ్డ పలకలు ఎర్రగా బయటపడతాయి. మోడల్‌ని ఎంచుకుని ట్యాబ్ నొక్కితే ఎడిట్ మోడ్. 'ఎ' నొక్కితే అన్నీ ఎంపికవుతాయి. షిఫ్ట్, 'ఎన్' కలిపి నొక్కండి. అంతే! మౌస్ బాణం బొమ్మ మీదే ఉండాలి సుమా, పక్క కిటికీలో ఉంటే మీట పనిచేయదు. కొత్తవాళ్లు విసిగిపోయేది ఇక్కడే. ఒకటి రెండు పలకలు మొండికేస్తే వాటినే ఎంచుకుని ఆల్ట్, 'ఎన్' మెనూలో 'ఫ్లిప్' అనండి.

స్కెచప్‌లో అయితే పైవైపు తెలుపు, లోవైపు నీలిబూడిద. సరిగ్గా ఉన్న ఒక పలక మీద రైట్‌క్లిక్ చేసి 'ఓరియెంట్ ఫేసెస్' అంటే దానికి అతుక్కున్నవన్నీ దారికొస్తాయి.

ఎరుపు పోయినా మరకలు మిగిలాయా? ఫైలు తనతోపాటు పాత నార్మల్స్‌ని మూటగట్టుకు తెచ్చి ఉంటుంది. బ్లెండర్‌లో మెష్ వివరాలుండే ట్యాబ్‌లో, 'జామెట్రీ డేటా' కింద, కస్టమ్ నార్మల్స్‌ని చెరిపేసే మీట ఉంది. ఇక మందంలేని ఒంటి పలకల గోడలుంటే ఏది బయటో సాఫ్ట్‌వేర్‌కీ అర్థంకాదు. అవి మనం చేత్తో తిప్పాల్సినవే. లోపల నిలబడి చూసే గదికైతే నార్మల్స్ లోపలికే ఉండాలి. అక్కడ ఎరుపు చూసి కంగారుపడక్కర్లేదు.

రెండువైపులూ కనిపించేలా సెట్టింగ్ మార్చేసి చేతులు దులుపుకొనేవాళ్లూ ఉన్నారు. తెరమీద బొమ్మకైతే అది నడుస్తుంది. త్రీడీ ప్రింటర్‌కి పంపేదైతే మాత్రం వద్దు. ఏది లోపలో, ఏది బయటో తేలకపోతే ఎక్కడ ప్లాస్టిక్ నింపాలో దానికి తెలియదు. కొన్ని ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్లు వాటంతటవే సరిచేసుకుంటాయిగానీ, దుకాణంలో గంటల లెక్కన డబ్బు కట్టేముందు పొరలవారీ ప్రివ్యూని కింది నుంచి పై దాకా ఓసారి నడిపించి చూడమని అడగండి. గోడ ఎక్కడ తెగిందో అందులోనే తెలిసిపోతుంది.