ఎండ పేరుతో నలుపు మీద వ్యాపారం

ఫెయిర్‌నెస్ క్రీము పాతబడింది. 1975లో మార్కెట్లోకి వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో తన పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ పెట్టుకుంది. మహిళా సంఘాలు ఏళ్ల తరబడి చేసిన పోరాటం వల్ల తెల్లదనాన్ని బాహాటంగా అమ్మడం కాస్త సిగ్గుపడాల్సిన పని అయింది. సరుకు మాత్రం ఎక్కడికీ పోలేదు. మందుల షాపులో, బ్యూటీ పార్లర్లో, గొలుసుకట్టు అమ్మకాల పుణ్యమా అని పొదుపు సంఘం మీటింగులో కూడా ఇప్పుడది గొట్టం మాత్రలుగా, నీళ్లలో కరిగే బిళ్లలుగా ప్రత్యక్షమవుతోంది. గ్లూటాథయోన్, విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్... అన్నిటికీ కలిపి ‘యాంటీ ఆక్సిడెంట్లు’ అని ఒక గంభీరమైన పేరు. వాగ్దానాలు రెండు: ఎండ నుంచి రక్షణ, చర్మానికి ‘కాంతి’.

ఆ ‘కాంతి’కి అర్థమేమిటో పెళ్లిచూపులకు కూర్చున్న ఏ అమ్మాయినడిగినా చెబుతుంది. ‘నలుపు నారాయణుడు మెచ్చు’ అని ఓదార్చి, కట్నం దగ్గర ఇంకో లక్ష పెంచమనే సమాజం మనది.

తమాషా ఏమిటంటే ఈ రెండు వాగ్దానాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మన చర్మానికి నలుపునిచ్చే మెలనినే ఎండలోని అతినీలలోహిత కిరణాలను తనలోకి పీల్చుకుని లోపలి కణాలను కాపాడుతుంది. గ్లూటాథయోన్ ఆ నల్లటి మెలనిన్ తయారీని తగ్గిస్తుంది, అందుకే తెల్లబడతారు అంటారు అమ్మేవాళ్లు. అంటే చేతిలోని గొడుగు లాక్కుని, నీకు ఎండ తగలకుండా చూస్తామంటున్నారన్నమాట! నిజానికి మింగిన గ్లూటాథయోన్ చాలావరకు పేగుల్లోనే విడిపోతుంది. మన కాలేయం దాన్ని ఎలాగూ రోజూ తయారుచేసుకుంటూనే ఉంది.

సరే, రక్షణ మాటకొద్దాం. ఎండ తగిలినప్పుడు చర్మకణాల్లో పుట్టే ఫ్రీ రాడికల్స్‌ను ఈ పదార్థాలు అణచివేస్తాయన్నది ప్రయోగశాలలో నిజమే. మనుషుల్లో ఏమైంది? ఆస్ట్రేలియాలోని నాంబోర్ పట్టణంలో 1992 నుంచి 1996 వరకు 1,621 మంది మీద పరీక్ష చేశారు. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్లలో ఒక రకం చర్మ క్యాన్సర్ గడ్డలు దాదాపు 40 శాతం తగ్గాయి. బీటా కెరోటిన్ మాత్ర మింగినవాళ్లకు ఒరిగిందేమీ లేదు. ఫ్రాన్సులో 13,017 మందితో ఏడేళ్లకు పైగా జరిగిన అధ్యయనం మరీ ముఖ్యం. విటమిన్లు సి, ఇ, బీటా కెరోటిన్, సెలీనియం, జింక్ కలిపిన మాత్ర వేసుకున్న మగవాళ్లలో చర్మ క్యాన్సర్ పెరగలేదు, ఆడవాళ్లలో పెరిగింది. ఈ ఫలితం 2007లో వెలువడింది. తర్వాత అమెరికాలో చేసిన మరో అధ్యయనంలో ఆ ముప్పు కనపడలేదన్నదీ నిజమే. వాళ్లు తెల్లచర్మం వాళ్లు, చర్మ క్యాన్సర్ మనకంటే వాళ్లకే చాలా ఎక్కువ అన్నదీ నిజమే. అయితే అసలు అంత ముప్పే లేని మనకు ఆ భయాన్ని ఎందుకు అమ్ముతున్నట్టు? ఏ మాత్రా సన్‌స్క్రీన్‌కు బదులు కాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో ప్రకటించి, అలా చెప్పుకున్న కంపెనీలను హెచ్చరించింది. గ్లూటాథయోన్ ఇంజెక్షన్ల మీద ఫిలిప్పీన్స్ ప్రభుత్వ సంస్థ 2011లోనే హెచ్చరిక చేసింది.

మరి మన చట్టం? ‘చర్మం తెల్లబడుతుంది’ అని ఏ మందూ చెప్పుకోకూడదని మన ఔషధ నియమాల్లోని షెడ్యూల్ ‘జె’ అంటుంది. అందుకే వీటిని మందుగా అమ్మరు, ఆహారంగా అమ్ముతారు! 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద, ‘మందుగా వాడేందుకు కాదు’ అని చిన్న అక్షరాల్లో అచ్చువేసి. ఔషధాన్ని మార్కెట్లోకి తెచ్చేముందు చేయాల్సిన పరీక్షల బాధ ఈ దారిలో ఉండదు.

1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్‌ను, అది ప్రయోగమని కూడా సరిగా చెప్పకుండా ఇవ్వబోతే స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. 1986లో సహేలీ తదితర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. మా ఒంట్లోకి ఏం పంపుతున్నారు, దాని గురించి మీకేం తెలుసు, మాకేం చెప్పారు అని ఆనాడు ప్రభుత్వాన్ని అడిగాం. అవే ప్రశ్నలు కంపెనీని అడగడానికి మొహమాటమెందుకు? డబ్బు పెట్టి కొనుక్కుంటున్నారు కాబట్టి అది వాళ్ల ‘ఛాయిస్’ అని మనలోనే కొందరు అంటున్నారు. నల్లగా ఉన్నావని చిన్నప్పట్నుంచీ అనిపించుకున్న పిల్లకు, పరీక్షించని సరుకును అబద్ధం చెప్పి అంటగడితే అందులో ఎంపిక ఎక్కడుంది?

మన ఆడవాళ్ల ఒంట్లో నిజంగా కొరవడింది వేరే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇక ఎండ అంటారా, మిరపకోతకు వెళ్లే కూలీ మొహం మీద మంగు మచ్చల గురించి ఏ కంపెనీ దిగులుపడదు. ఆమెకు తలగుడ్డ, మంచినీళ్లు, మధ్యాహ్నం విరామం, నీడ కావాలి. పనిచోట నీడ, తాగునీరు ఉండాలని 2005 ఉపాధి హామీ చట్టం రాసింది. అవి ఎన్నిచోట్ల కనిపించాయో క్షేత్రంలో తిరిగిన మీకు చెప్పనక్కర్లేదు.

ఎండ రక్షణ, చర్మం రంగు గురించి మాట్లాడే ప్రతి మాత్రనూ ఔషధ చట్టం కిందికి తేవాలని మనం అడగాలి. అంతవరకూ ఉన్న చట్టాన్నే వాడుకుందాం. ఆహార భద్రతా చట్టంలోని 53వ సెక్షన్ తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చంటుంది. సంఘం మీటింగులో ఎవరైనా ఇలాంటి డబ్బా తెస్తే కరపత్రం, బిల్లు, డబ్బా మీది రాతల ఫొటో తీసి ఉంచండి. వాటిని జతచేసి జిల్లా ఆహార భద్రతా అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి.