దుఆ కూడా, దవా కూడా

“మా అబ్బాయి దుబాయిలో ఉన్నాడు మౌలానా సాబ్. ఈ మధ్య ఫోనులో సరిగ్గా మాట్లాడటం లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టదంటాడు, అన్నం సహించదంటాడు. ఏదైనా దుఆ చెప్పండి.” నిజామాబాదు, బోధన్ ప్రాంతాల్లో పిల్లలకు దీనీ చదువు చెప్పే మా వంటి వారిని తల్లులు తరచుగా అడిగే మాట ఇది. దమ్మాం, దోహా, కువైట్, మస్కట్... ఊరి పేరు మారుతుంది, ఆవేదన మారదు.

మేము దుఆ చెబుతాము, చేస్తాము కూడా. అయితే ఆ తల్లిని అంతటితో పంపివేస్తే మన బాధ్యత సగమే నెరవేరినట్లు. దిగులు, నిద్రలేమి, ఆకలి మందగించటం, దేనిమీదా మనసు నిలవకపోవటం, తాను ఎందుకూ పనికిరానివాడినన్న భావన రెండు వారాలకు మించి వదలకుండా ఉంటే, అది వైద్యులు డిప్రెషన్ అని పిలిచే వ్యాధి కావచ్చు. దానికి మందు ఉంది. పరాయి దేశంలో ఆ మందును ఏ మార్గంలో పొందాలన్నదే ఈ నెల మా మాట.

ఊరు దాటిన భారం

మన ప్రాంతం నుంచి ఇందరు గల్ఫ్‌కు ఎందుకు వెళ్లారో పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1937లో నెలకొన్న బోధన్ నిజాం చక్కెర కర్మాగారం ఎన్నో తరాలకు అన్నం పెట్టింది. చెరకు బండ్లు, శక్కర్‌నగర్ క్వార్టర్లు, సీజను జీతాలు, వాటిని నమ్ముకున్న దుకాణాలు, దర్జీలు, మెకానిక్కులు... అదొక లోకం. 2002లో ఆ సంస్థ ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. గల్ఫ్ ప్రయాణాలు అంతకు ఎంతో ముందే మొదలైనా, ఊళ్లో నమ్మకమైన పని తగ్గిన కొద్దీ ఆ దారి మరింత రద్దీ అయింది.

వెళ్లినవాడు ఒంటరిగా వెళ్లడు. వీసా కోసం చేసిన అప్పును, చెల్లెలి నికాహ్‌ను, సగంలో ఆగిన ఇంటి గోడలను భుజాన వేసుకొని వెళతాడు. మండే ఎండలో పని, ఒకే గదిలో ఆరుగురు ఎనిమిదిమంది, ఫోనులో మాత్రమే కనిపించే పిల్లలు. మనసు అలసిపోవటానికి ఇవి చాలవా? అందరూ జబ్బుపడతారని కాదు. జబ్బుపడినవాణ్ణి పిరికివాడని అనకూడదని మాత్రమే చెబుతున్నాము.

ఈమాన్ తక్కువని తీర్పు చెప్పకండి

“ఐదు పూటలా నమాజు చేస్తే ఇవన్నీ రావు” అని చెప్పేవారు ప్రతి మొహల్లాలో ఉంటారు. నమాజు హృదయానికి నెమ్మదినిస్తుంది, అందులో సందేహం లేదు. కాని నమాజు చేసేవారికి జ్వరం రాదని, చక్కెర వ్యాధి రాదని మనం అనము. మెదడు కూడా శరీరంలో భాగమే కదా!

కుమారుడు యూసుఫ్ (అలైహిస్సలాం) ఎడబాటులో దుఃఖించి దుఃఖించి హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కంటిచూపునే కోల్పోయారని దివ్య ఖుర్ఆన్ తెలుపుతున్నది. ఆయన ప్రవక్త. ఆయన విశ్వాసాన్ని శంకించే ధైర్యం ఎవరికుంది? హజ్రత్ ఖదీజా (రజి), పినతండ్రి అబూ తాలిబ్ మరణించిన సంవత్సరం మన చరిత్రలో ‘దుఃఖ సంవత్సరం’గా నిలిచింది. దుఃఖం విశ్వాసానికి వ్యతిరేకం కాదు. జబ్బు చేసినప్పుడు చికిత్స చేయించుకోవలసిందిగా ఉమ్మత్‌కు నేర్పినవారు కూడా దైవప్రవక్తే (సల్లల్లాహు అలైహి వసల్లం).

మన పూర్వపు విద్వాంసులు ఈ విషయాన్ని మనకంటే బాగా గ్రహించారు. హిజ్రీ మూడు, నాలుగు శతాబ్దాలకు చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహారోగ్యం, మనోరోగ్యం రెండింటి గురించీ ఒకే గ్రంథంలో రాశారు. కారణం తెలిసిన దుఃఖం ఒకటని, కారణం తెలియకుండా శరీరంలోని మార్పుల వల్ల కలిగే దుఃఖం మరొకటని వేరుచేసి చూపారు. రెండవదానికి శరీర చికిత్స కూడా అవసరమని భావించారు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో మానసిక రోగులకు ప్రత్యేక విభాగమే ఉండేది. అటువంటి వారసత్వం గల మనం రోగిని ఆమిల్ దగ్గర కూర్చోబెట్టి, వేలకు వేలు పోసి తావీజులు కొని, డాక్టరు గడప మాత్రం తొక్కనివ్వకపోవటం విచారకరం. ఖుర్ఆన్ ఆయతులు చదివి ఊదటం ఉంది. అది వైద్యానికి అడ్డు రాదు.

ఈ మందుల స్వభావం

డిప్రెషన్‌కు వైద్యులు సాధారణంగా మొదట రాసేవి ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్, ఫ్లూఆక్సెటీన్ వంటివి. ఇవి మత్తుమందులు కావు, వీటికి వ్యసనపడటం జరగదు. వేసుకున్న రోజే ఫలితం చూపేవి కూడా కావు. రెండు నుంచి నాలుగు వారాల్లో తేడా కనిపించటం మొదలై, పూర్తి ప్రభావానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. తొలి రోజుల్లో వికారం, తలనొప్పి రావచ్చు, చాలామందిలో అవి తగ్గిపోతాయి. మన సోదరులు తరచుగా పొరపాటు చేసేది ఇక్కడే. వారం రోజులు చూసి ‘పనిచేయలేదు’ అని మానేస్తారు. లేదా కాస్త తేలికపడగానే ఆపేస్తారు. తేలికపడిన తరువాత కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమని వైద్యులు సాధారణంగా చెబుతారు. ఆపవలసి వచ్చినప్పుడు కూడా వైద్యుని సలహాతో మెల్లమెల్లగా తగ్గించాలి. హఠాత్తుగా మానితే తల తిరగటం, చిరాకు, నిద్ర చెదరటం కలుగుతాయి.

మాత్రల పొట్లం ప్రమాదం

ఇప్పుడు అతి ముఖ్యమైన మాట. కుమారుడు అక్కడ బాధపడుతున్నాడని తెలియగానే ఇక్కడ తండ్రి తెలిసిన డాక్టరు దగ్గరకో, నేరుగా మందుల దుకాణానికో వెళతాడు. మాత్రలు కొంటాడు. పక్క ఊరి నుంచి బయలుదేరుతున్న మరొక అబ్బాయి సంచిలో పచ్చడి డబ్బాతో పాటు ఆ పొట్లం పెడతాడు. ఉద్దేశం ప్రేమే. కాని ఈ పని ఇద్దరు యువకులను జైలు గుమ్మం దాకా తీసుకుపోగలదు.

కారణం వినండి. మన దేశంలో ఎస్సిటలోప్రామ్‌తో క్లోనజెపామ్‌ను కలిపి ఒకే మాత్రగా అమ్ముతారు. ఆందోళన, నిద్రలేమి ఉన్నవారికి అవి విరివిగా రాస్తారు. తినేవాడికి అది ఒక మాత్ర, చట్టం దృష్టిలో రెండు మందులు. క్లోనజెపామ్, ఆల్‌ప్రజోలామ్, డయాజెపామ్ అనేవి గల్ఫ్ దేశాల్లో నియంత్రిత మందుల జాబితాలో ఉంటాయి. నొప్పికి వాడే ట్రమడాల్, నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్ పరిస్థితి కూడా అంతే. అనుమతి లేకుండా అవి సంచిలో దొరికితే మాదక ద్రవ్యాల చట్టం కింద విచారణ ఎదురవుతుంది. ‘నాకు తెలియదు, మా ఊరివారు ఇచ్చారు’ అన్న మాట విమానాశ్రయంలో అక్కరకు రాదు.

కనుక మూడు నియమాలు. ఒకటి: ఇతరుల మందులు మోయవద్దు, మీ మందులు ఇతరులచేత మోయించవద్దు. రెండు: ఇక్కడ చికిత్స పొందుతూ ప్రయాణమయ్యేవారు తాము వాడే మాత్రలో ఏయే మందులున్నాయో డాక్టరును అడిగి, వాటి అసలు పేర్లతో ఇంగ్లీషులో రాసిన తాజా చీటీని, జబ్బును తెలిపే ఉత్తరాన్ని తీసుకోవాలి. నియంత్రిత మందు ఉంటే దాని బదులు వేరేది కుదురుతుందేమో ప్రయాణానికి చాలా ముందే అడగాలి. మూడు: వెళ్లే దేశపు ప్రభుత్వ వెబ్‌సైటులో నిబంధనలు చూడాలి. యూఏఈ, సౌదీ అరేబియా వంటి దేశాల్లో నియంత్రిత మందుల కోసం ముందుగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి అనుమతి పొందే పద్ధతి ఉంది. మందులను అసలు ప్యాకింగులోనే, చేతి సంచిలో ఉంచుకోవాలి.

ఉన్నచోటే చికిత్స

సరైన మార్గం, ఉన్న దేశంలోనే వైద్యుణ్ణి కలవటం. ఇక్కడి డాక్టరుతో వీడియోలో మాట్లాడితే ధైర్యం వస్తుంది, మంచిదే. కాని అక్కడి ఫార్మసీలో ఆ చీటీ చెల్లుతుందని ఆశించరాదు. డిప్రెషన్ మందులు అక్కడ ఆ దేశపు లైసెన్సు గల వైద్యుడు రాస్తేనే ఇస్తారు.

యూఏఈ, సౌదీలలో ఉద్యోగికి ఆరోగ్య బీమా కల్పించటం యజమాని బాధ్యత. బీమా కార్డుతో మొదట క్లినిక్‌లోని సాధారణ వైద్యుణ్ణి కలిసి, ఉన్నదున్నట్లు చెప్పాలి. మానసిక చికిత్సకు బీమా ఎంతవరకు వర్తిస్తుందో కార్డు మీది నంబరుకు ఫోను చేసి తెలుసుకోవచ్చు. గల్ఫ్ నగరాల్లో మన భాషో, ఉర్దూ హిందీలో తెలిసిన వైద్యులు, నర్సులు చాలామంది ఉన్నారు, భాష పెద్ద అడ్డంకి కాదు. ప్రభుత్వ పరంగా దుబాయిలో అల్ అమల్ మానసిక వైద్యశాల, ఒమాన్‌లో అల్ మసర్రా ఆసుపత్రి, కువైట్‌లో మానసిక ఆరోగ్య కేంద్రం ఉన్నాయి. ఖతర్‌లో 16000 నంబరుకు, సౌదీలో ఆరోగ్య శాఖ 937 నంబరుకు ఫోను చేసి దారి అడగవచ్చు. దుబాయి, రియాద్, జెద్దాలలో భారత ప్రభుత్వం నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రాలు మన కార్మికుల మాట వింటాయి.

‘తెలిస్తే కంపెనీ పంపివేస్తుందేమో’ అన్న భయం చాలామందిని ఆపుతుంది. ఆ భయాన్ని మేము తేలికగా తీసుకోము. కాని నిద్రలేని కళ్లతో ఎత్తైన పరంజా మీద నిలబడటం, బరువైన వాహనం నడపటం ఉద్యోగాన్నే కాదు, ప్రాణాన్నే తీయగలవు. గదిలోని మిత్రులకందరికీ చెప్పనక్కరలేదు. ఒక్క నమ్మకస్తునికి, ఒక్క వైద్యునికి చెబితే చాలు.

రంజాన్ నెలలో మందు ఎలాగని కొందరు అడుగుతారు. ఈ మందుల్లో చాలావరకు రోజుకు ఒక్కసారి వేసుకునేవే. వాటిని ఇఫ్తార్‌కో సహరీకో మార్చుకోవటానికి వైద్యుణ్ణి అడిగితే దారి చూపుతారు. లిథియం వంటి మందు వాడేవారు మాత్రం ఒంట్లో నీరు తగ్గితే ప్రమాదం కనుక వైద్యుని అనుమతి లేనిదే ఉపవాసం పూనరాదు. రోగికి, ప్రయాణికునికి అల్లాహ్ స్వయంగా వెసులుబాటు ఇచ్చాడు. ఆ కారుణ్యాన్ని కాదనటం భక్తి కాదు.

ఇంటివారి వంతు

ఇక్కడున్న మనం చేయవలసినది కూడా ఉంది. ఫోను ఎత్తగానే “డబ్బు ఎప్పుడు పంపుతావు?” అని కాక, “తిన్నావా బేటా, నిద్రపోయావా?” అని మొదలుపెట్టండి. ప్రతి నెలా అప్పువాళ్ల మాటలన్నీ అతని చెవిన వేయకండి. ఇక్కడ ఒంటరిగా పిల్లలను పెంచుతున్న కోడలి మనసును కూడా గమనించండి, ఆ జబ్బు ఆమెకూ రావచ్చు. నిజామాబాదు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. దూరాన ఉన్న కుమారుని విషయంలో ఏం చేయాలో తండ్రి కూడా ఆ నంబరులో సలహా అడగవచ్చు.

‘నేను లేకపోతేనే మీకు మేలు’ వంటి మాట ఎవరి నోటైనా వస్తే దానిని గదమాయించి కొట్టివేయకండి, రేపటికి వాయిదా వేయకండి. ఫోను పెట్టేయకుండా మాట్లాడుతూనే, మరొక ఫోనుతో అతని గదిలోనివారికి చెప్పి పక్కన కూర్చోమనండి. ఒంటరిగా వదలవద్దనండి. అంబులెన్సు కోసం వారు పిలవవలసిన నంబర్లు: సౌదీలో 997, యూఏఈలో 998, ఖతర్, బహ్రెయిన్‌లలో 999, కువైట్‌లో 112, ఒమాన్‌లో 9999. ఈ అంకెలను ఈ రోజే కాగితం మీద రాసి ఇంట్లో అతికించండి, మీ వారికీ పంపండి.

ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దాన్ని కాపాడటానికి మింగే మాత్ర తవక్కుల్‌కు విరుద్ధం కాదు, తవక్కుల్‌లో భాగమే. పరాయి నేలపై చెమటోడుస్తున్న మన బిడ్డల హృదయాలకు అల్లాహ్ నెమ్మదిని, దేహాలకు స్వస్థతను, ఇళ్లకు క్షేమంగా తిరిగివచ్చే భాగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.