రాయికి ఫ్లూ రాదా?

"జలుబుకి సూదేమిటమ్మాయ్, చోద్యం కాకపోతే! మిరియాల కషాయం పెట్టు" అన్నారు మా అత్తగారు.

కషాయం మీద నాకేం కోపం లేదు. కానీ ఫ్లూ వేరు, జలుబు వేరు. డెబ్భై దాటి, ఉబ్బసం కూడా ఉన్న ఆవిడకి అది న్యుమోనియాలోకి దిగితే కషాయం ఆపుతుందా?

"ఏటేటా వేయించాలిట, ఇదేం టీకా?" అని మావారు. ఆ వైరస్ ఏటా వేషం మారుస్తుంటే టీకా మాత్రం మారొద్దూ? పైగా అది పనిలోకి దిగడానికి రెండు వారాలు పడుతుంది. వానలు ముదిరాక పరుగెత్తితే ఏం లాభం? వేయించుకున్నా ఫ్లూ రావచ్చు, ఒప్పుకుంటాను. వచ్చినా ఆస్పత్రిపాలయ్యే ప్రమాదం తగ్గుతుంది. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు. అది వేరే పోట్లాట.

చివరికి మావారు దిగొచ్చారు. "సరే, అమ్మకీ బాబుకీ వేయిద్దాం. నీకెందుకు? నువ్వు రాయిలా ఉన్నావు."

అదిగో, అక్కడే నాకు ఒళ్లు మండింది! జ్వరమొచ్చిన ప్రతివాళ్ల పక్కనా రాత్రంతా కూర్చుని, వాళ్ల దగ్గులూ తుమ్ములూ భరించేదెవరండీ? తెల్లారి మళ్లీ అత్తగారికి అన్నం వడ్డించేదెవరు? నేను మంచమెక్కితే ఆ కషాయమైనా కాచేదెవరు?

శనివారానికి నలుగురి పేర్లూ రాయించి వచ్చాను. ముందు నా పేరే.