ఒకే ప్రశ్న, కోట్ల సార్లు

పుదుచ్చేరి పట్టణంలో కూర్చుని ఆ కేంద్రపాలిత ప్రాంతానికి వెబ్ అప్లికేషన్ తయారుచేసే బృందం నాలుగు చోట్ల జనాన్ని దృష్టిలో పెట్టుకోవాలి. తమిళం మాట్లాడే పుదుచ్చేరి, కారైకాల్, కేరళ తీరంలోని మాహె, కాకినాడ పక్కనున్న తెలుగు యానాం. తెర మీద కనిపించే పేజీని ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. దాని వెనక సమాచారాన్ని అడిగి తెచ్చే ఏపీఐని మాత్రం బయటివాళ్లు వాడటం మొదలుపెట్టాక మార్చడం కష్టం. అందుకే వాదన అక్కడ.

రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసంలో పేరుపెట్టిన రెస్ట్ పద్ధతిలో ఒక్కో సమాచారానికి ఒక్కో చిరునామా. ఫేస్‌బుక్ 2015లో అందరికీ విడుదల చేసిన గ్రాఫ్‌క్యూఎల్‌లో సాధారణంగా చిరునామా ఒక్కటే. కావలసిన అంశాలను మాత్రమే ఏరుకుని అడగొచ్చు. కుర్ర ప్రోగ్రామర్లు దానివైపు మొగ్గడంలో వింతేమీ లేదు.

అయితే జనమంతా ఒక్కసారి మీదపడితే ఏమవుతుందో కోవిన్ చూపించింది. 18 ఏళ్లు దాటినవారికి టీకా రిజిస్ట్రేషన్ మొదలైన 2021 ఏప్రిల్ 28న 38.3 కోట్ల ఏపీఐ అభ్యర్థనలు వచ్చాయని, ఆరంభంలో నిమిషానికి 27 లక్షలు తాకాయని కేంద్రం ప్రకటించింది. ఖాళీలు వెతికే ఏపీఐ అందరికీ తెరిచే ఉండటంతో బాట్లు కూడా ఎడతెగకుండా అడిగాయి. చివరికి ఒక్కో ఐపీ చిరునామాకు ఐదు నిమిషాలకు 100 అభ్యర్థనలన్న పరిమితి పెట్టారు. చూపించే సమాచారం 30 నిమిషాల వరకూ పాతదై ఉండొచ్చని కూడా చెప్పేశారు. అంటే ఒకసారి తయారైన జవాబునే దాచి పదిమందికీ ఇవ్వడం. జిల్లా, తేదీ చిరునామాలోనే ఉంటాయి కాబట్టి రెస్ట్ తరహాలో అది తేలిక. గ్రాఫ్‌క్యూఎల్‌లో ఎవరి ప్రశ్న వారిది. ముందే ఖరారైన ప్రశ్నలనే అనుమతించడం లాంటి అదనపు ఏర్పాట్లు చేసుకోవాలి. ప్రజలందరూ వాడే సేవకు రెస్ట్ వైపే మొగ్గడం మేలనడానికి ఈ ఒక్క కారణం చాలు. ఆఫీసు లోపల పదిమంది చూసే డాష్‌బోర్డు సంగతి వేరు.

గ్రాఫ్‌క్యూఎల్ అభిమానులకూ యానాంలో ఒక మంచి వాదన దొరుకుతుంది. కోవిన్‌లో జిల్లావారీగా వెతికితే యానాం పుదుచ్చేరి కింద కనిపించేది. పిన్‌కోడ్ 533464 మాత్రం గోదావరి జిల్లాల వరసలోది. అప్పట్లో తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న కాకినాడ ఖాళీలూ చూడాలంటే రెండు జిల్లాలకు రెండు సార్లు అడగాలి. గ్రాఫ్‌క్యూఎల్ అయితే రెండూ ఒకే అభ్యర్థనలో ఇమిడిపోతాయి. రెస్ట్‌లోనూ 'చుట్టుపక్కల కేంద్రాలు' అని మరో చిరునామా చేర్చవచ్చు. కాకపోతే యానాం చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్ అని పుదుచ్చేరి బృందంలో ఎవరికైనా ముందే గుర్తుండాలి.