తడి చెత్తను గ్యాసుగా, ఎరువుగా మార్చడంపై సర్వసభ్య సమావేశ తీర్మానం

కాలనీ నివాసుల సంక్షేమ సంఘం, సికింద్రాబాద్

మన దగ్గరలోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పద్ధతిలో బయోగ్యాస్ ప్లాంటు ఏర్పాటైంది. రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల దాకా కరెంటు, 30 కిలోల వంట ఇంధనం తీయడం దాని లక్ష్యం. కుళ్లిన టమాటాలకు అక్కడ ఆ విలువ ఉండగా, మన వంటింటి తొక్కలు, మిగిలిన అన్నం ప్లాస్టిక్ కవర్లలో మూటకట్టి డంపింగ్ యార్డుకు పోవడం తగదని ఈ సమావేశం భావిస్తోంది.

గాలి చొరని తొట్టిలో తడి చెత్త కుళ్లితే పుట్టే మీథేన్ పొయ్యిలో మండుతుంది. అదే చెత్త గుట్ట అడుగున కుళ్లితే ఆ వాయువే గాలిలో కలిసి, వందేళ్ల లెక్కన, బొగ్గుపులుసు వాయువు కంటే 25 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఇందౌర్‌లో 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్లాంటు రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి 17,000 కిలోల బయో సీఎన్‌జీ తీసే సామర్థ్యంతో నిర్మితమైంది. ఆ నగరవాసులు గడపలోనే చెత్త వేరు చేయబట్టే అది సాధ్యమైంది. తొట్టి పాడవడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. పాల ప్యాకెట్లు, డైపర్లు, గాజుపెంకులు చాలు.

కనుక వచ్చే నెల 1వ తేదీ నుంచి ప్రతి ఇల్లూ తడి, పొడి చెత్తను వేర్వేరు డబ్బాల్లో ఇవ్వాలని తీర్మానించడమైనది. ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వాలి. ఎముకలు, కొబ్బరి చిప్పలు తడి డబ్బాలో వేయరాదు. కలిపేసిన చెత్తను స్వచ్ఛ ఆటో కార్మికులు తీసుకోకపోతే వారితో ఎవరూ వాదించరాదు. మన ఎంగిలిని వాళ్లు చేతులతో ఏరడం మనకు సిగ్గుచేటు.

మూడు నెలల పాటు రోజూ తడి చెత్తను తూకం వేసి లెక్క రాయాలి. ఆ లెక్క చూశాకే పార్కు వెనక స్థలంలో చిన్న బయోగ్యాస్ తొట్టి గురించి కార్యవర్గం అంచనా తయారుచేయాలి. గ్యాసును కమ్యూనిటీ హాలు వంటకు, తొట్టిలో మిగిలే మడ్డిని ఎరువుగా పార్కు మొక్కలకు వాడాలి. వాడేసిన వంటనూనెను సింకులో పోయకుండా సీసాల్లో పోగుచేసి, బయోడీజిల్‌కు తీసుకునే అనుమతి ఉన్నవారికే అప్పగించాలి.

మేం వేరు చేసి ఇచ్చిన చెత్తను ఆటోలో మళ్లీ కలపకుండా చూడాలని నగరపాలక సంస్థను ఈ సమావేశం కోరుతోంది.

మహిళా సభ్యులు ప్రతిపాదించగా, హాజరైన సభ్యులు చేతులెత్తి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.