చలికి తీరం దాటే చోటు ఉండదు

భారత వాతావరణ విభాగం డైరెక్టర్ జనరల్ గారికి,
మౌసమ్ భవన్, న్యూఢిల్లీ.

అయ్యా,

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే కోస్తా అంతా మీ బులెటిన్ కోసం కాచుకుని ఉంటుంది. తుపాను ఎక్కడ తీరం దాటుతుంది, ఎన్నింటికి, గాలి ఎంత వేగం? మూడింటికీ మీ దగ్గర జవాబుంటుంది. 1999లో ఒడిశాను ముంచిన పెను తుపాను సుమారు 10 వేల మందిని మింగింది. 2013లో ఫైలిన్ అదే రాష్ట్రాన్ని తాకితే మరణాలు పదుల్లోనే ఆగాయి. లక్షల మందిని ముందే తరలించగలిగారంటే అందులో మీ ముందస్తు కబురు పాత్ర చిన్నదేమీ కాదు.

చలి విషయంలో ఆ తేట ఏదీ? మా దాకా వచ్చేసరికి మిగిలేది 'రాగల మూడు రోజుల్లో కనిష్ఠ ఉష్ణోగ్రతలు రెండు మూడు డిగ్రీలు తగ్గే అవకాశం' అన్న ఒక్క వాక్యం. దానికి మా పత్రికలు చలిపులిని తగిలిస్తాయి. ఆ పులి ఏటా పంజా విసురుతూనే ఉంటుంది, పాపం.

మైదానాల్లో కనిష్ఠం 10 డిగ్రీలకో అంతకు దిగువకో పడి, మామూలు కంటే 4.5 డిగ్రీలు తగ్గితే మీ లెక్కలో చలిగాలులు. ఏకంగా 4 డిగ్రీలకు దిగితే తేడాతో పనే లేదు. కొలత శాస్త్రీయమే. అయితే ఆ అంకె నేలకు నాలుగడుగులకు పైన, గాలాడే పెట్టెలో కొలిచినది. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది, నేలబారు గాలి ఇంకా చల్లబడుతుంది. ఫుట్‌పాత్ మీద పడుకున్నవాడి చలి ఆ పెట్టెకు తెలియదు.

లక్నో, పట్నా వైపు మరో రకం. పొగమంచు వరుసగా కమ్మితే రాత్రి కనిష్ఠం మరీ పడిపోకపోయినా, పగలు మాత్రం వేడెక్కదు. దానికి మీరు శీతల దినమని వేరే లెక్క పెట్టుకున్నారు, మంచిదే. రోజుకూలీని ఎక్కువ కుంగదీసేది అదే: ఎండ కాగుదామన్నా ఎండ ఉండదు.

ఇక మా చింతపల్లి, లంబసింగి. అక్కడ ఏటా చలే కనుక, మామూలుతో పోల్చి చూస్తే అంతా మామూలుగానే కనబడుతుంది. పర్యాటకులు స్వెటర్లు వేసుకుని ఆ చలి చూడ్డానికి వెళ్తారు. ఆశ్రమ పాఠశాల పిల్లలు అదే చలిలో చన్నీళ్లు పోసుకుంటారు.

మూడు రోజుల చలిని గట్టిగా చెప్పడం మీకు కొత్త కాదు. మధ్యధరా వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడి ఎప్పుడు హిమాలయాలు దాటుతుందో, దాని వెనక మబ్బు విడిపోయి ఉత్తరపు గాలి ఎప్పుడు దిగుతుందో ముందే చూస్తున్నారు. ఆరు కిలోమీటర్ల గడులతో లెక్కకట్టే భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌ను 2025లో తెచ్చుకున్నారు కూడా. ఆ సూక్ష్మతను చలికీ వాడండి. వరుసగా ఎన్ని రాత్రులు, ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఏ రోడ్డు మీద పొగమంచు 200 మీటర్ల చూపును కూడా మింగేస్తుందో చెప్పండి.

ముందు ఆదిలాబాద్, పాడేరుల్లో చేసి చూడండి. తెలుగుతో పాటు గోండి, కువి మాటల్లోనూ, మధ్యాహ్నం మూడింటికల్లా కబురు అందాలి. రాత్రి వార్తల్లో చెబితే వార్డెన్ దుప్పట్లు తెప్పించేలోపు తెల్లారిపోతుంది.

భవదీయుడు,
మీ బులెటిన్లు రోజూ చదివే పాఠకుడు