చిట్టి చెవి చెప్పే జవాబు

ఉయ్యాల్లో పాపాయి. పక్కన కూర్చుని అమ్మమ్మ గిలక్కాయ ఆడిస్తుంది. పాప కళ్లు అటు తిప్పుతుంది. 'చూశారా, అప్పుడే ఎలా వింటోందో!' అంటూ మురిసిపోతుంది అమ్మమ్మ. వంటింట్లో పళ్లెం కిందపడితే బిడ్డ ఉలిక్కిపడుతుంది. ఇంకేం, చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు.

కానీ, పాప చూసింది గిలక్కాయ రంగుని కావచ్చు. ఉలిక్కిపడింది నేల అదిరినందుకు కావచ్చు. పైగా పెద్ద చప్పుళ్లు వినిపించి, మామూలు మాటలు వినిపించని పిల్లలూ ఉంటారు. అందుకే ఇంటి పరీక్షల్ని నమ్ముకోవద్దంటారు వైద్యులు. వాటిని నమ్ముకుంటే ఏమవుతుంది? ఏడాది నిండినా 'అత్త' అనదు, 'తాత' అనదు. 'వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యమే' అని సర్దిచెప్పుకుంటారు. రెండో ఏడు గడిచాక ఆసుపత్రికి వెళితే అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి... బిడ్డకి పుట్టుకతోనే వినికిడి లేదని!

పోయిన ఆ రెండేళ్లే ఇక్కడ అసలు నష్టం. మాట పలికేది నోరే అయినా, నేర్చుకునేది చెవి ద్వారా. చుట్టూ వినిపించే మాటల్ని పోగేసుకుంటూ మెదడు భాషకి పునాది వేసుకునేది ఆ వయసులోనే. పుట్టిన ఆరునెలల్లోపే లోపం బయటపడ్డ పిల్లలకి, ఆ తరవాత బయటపడ్డవారికన్నా భాష బాగా వచ్చిందని అమెరికాలోని కొలరాడోలో చేసిన అధ్యయనం 1998లోనే చెప్పింది. అందుకే వైద్యులు 1-3-6 సూత్రం పాటిస్తారు. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు!

ప్రతి వెయ్యిమంది శిశువుల్లో ఒకరి నుంచి ముగ్గురికి పుట్టుకతోనే చెప్పుకోదగ్గ వినికిడి లోపం ఉంటుందని అంచనా. 'మా వంశంలో ఎవరికీ లేదు' అనే ధీమా పనికిరాదు. ఇలా పుట్టే పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది తల్లిదండ్రులకి చెవులు చక్కగా పనిచేస్తుంటాయి. మేనరికాలు, గర్భిణికి రుబెల్లా సోకడం, బరువు తక్కువగా పుట్టడం, పచ్చకామెర్లు ముదరడం లాంటివి ముప్పును పెంచుతాయి.

చెవి కూడా పలుకుతుంది!
మాటలే రాని పసిబిడ్డని 'వినిపిస్తోందా' అని అడిగేదెలా? బిడ్డని కాదు, చెవినే అడగాలి. ఆరోగ్యంగా ఉన్న చెవి శబ్దాన్ని వినడమే కాదు, సన్నగా తిరిగి పలుకుతుంది కూడా. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ అనే శాస్త్రవేత్త ఈ విచిత్రాన్ని కనిపెట్టారు. ఒకేసారి రెండు వేర్వేరు శ్రుతులు వినిపిస్తే, లోపలి చెవిలోని సూక్ష్మమైన రోమకణాలు మూడో శ్రుతిని పుట్టిస్తాయి. చెవిలో పెట్టిన మైకు దాన్ని పట్టుకుంటుంది. జవాబు వస్తే సరే, రాకపోతే అనుమానించాల్సిందే. సూది గుచ్చేది లేదు, మందు వేసేది లేదు. బిడ్డ నిద్రపోతుండగానే నిమిషాల్లో అయిపోతుంది. దీన్నే ఓఏఈ పరీక్ష అంటారు.

చిక్కంతా యంత్రం ఖరీదుతోనే. లక్షలు పోయాలి. చిన్న ఊళ్లలోని ప్రసూతి ఆసుపత్రులకి అది తలకుమించిన భారం. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ చిక్కుమీదే దృష్టిపెట్టారు. జస్టిన్ చాన్, మద్రాసు ఐఐటీలో చదువుకున్న శ్యామ్ గొల్లకోట బృందం మామూలు ఇయర్‌ఫోన్లు, చిన్న మైకు, సన్నని గొట్టాలతో ఓ పరికరం తయారుచేసింది. దాన్ని స్మార్ట్‌ఫోన్‌కి తగిలిస్తే చాలు. చవక స్పీకరు ఒక్కటే రెండు శ్రుతుల్నీ వినిపిస్తే అవి కలగాపులగమై, చెవి ఇచ్చే జవాబుని మింగేస్తాయి. అందుకే ఒక్కో శ్రుతికి ఒక్కో ఇయర్‌ఫోన్ వాడారు. ఖర్చు పది డాలర్లు... మన లెక్కలో వెయ్యి రూపాయల లోపే!

వారం వయసు పసికందుల నుంచి ఇరవై ఏళ్లవారి దాకా, మొత్తం 201 చెవులమీద దీన్ని పరీక్షించి 2022లో ఫలితాలు ప్రకటించారు. లోపమున్న ఏ ఒక్క చెవినీ అది వదిలిపెట్టలేదు. బాగున్న చెవుల్లో మాత్రం తొమ్మిదింటికి ఒకదాన్ని అనవసరంగా అనుమానించింది. ఖరీదైన యంత్రాల పనితీరుకి ఇది దగ్గరగానే ఉంది. నైరోబీ విశ్వవిద్యాలయంతో చేతులు కలిపి, కెన్యాలోని శిశువులకి ఇలాంటి పరీక్షలు అందించే ప్రయత్నం కూడా ఈ బృందం చేపట్టింది.

కంగారు వద్దు... కాలయాపనా వద్దు
ఒక్కసారి జవాబు రానంతమాత్రాన బిడ్డకి చెవుడని కాదు. పుట్టిన మొదటి రోజుల్లో చెవిలో ఉమ్మనీరు, తెల్లటి పొర మిగిలి ఉండొచ్చు. గదిలో గోల ఉన్నా ఫలితం తప్పొచ్చు. మళ్లీ పరీక్ష చేయించాలి. అప్పుడూ రాకపోతే 'బేరా' పరీక్షతో నిర్ధారించుకోవాలి. శబ్దం చెవి నుంచి మెదడు దాకా చేరుతోందా అన్నది చూపేది అదే. కామెర్లు ముదిరి ఐసీయూలో ఉన్న పిల్లలకి చెవి బాగున్నా నరం దెబ్బతినొచ్చు. వాళ్లకి ఓఏఈ ఒక్కటే చాలదు.

అసలు ప్రమాదం ఎక్కడంటే... 'మళ్లీ రండి' అన్నాక రాకపోవడంలో. బిడ్డ చూడ్డానికి చక్కగా ఉంటుంది, పాలు తాగుతుంది, నవ్వుతుంది. ఊరు దూరం, ఒకరోజు కూలి పోతుంది. అలా నెలలు దొర్లిపోతాయి. పరికరం ఎంత చవకైనా ఈ గండాన్ని అది ఒక్కటే దాటించలేదు. లోపం తేలితే వినికిడి యంత్రం, అవసరమైతే కాక్లియర్ ఇంప్లాంట్, మాటల శిక్షణ, సంజ్ఞా భాష... దారులు చాలానే ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో ఇంప్లాంట్ శస్త్రచికిత్స పేదపిల్లలకీ అందింది. ఏ దారైనా ఎంత తొందరగా పడితే అంత మంచిది.

ప్రసవమయ్యాక ఆసుపత్రి నుంచి ఇంటికి బయల్దేరేముందు టీకాల కార్డుతోపాటు ఒక్కమాట అడగండి. 'మా బిడ్డకి వినికిడి పరీక్ష చేశారా?' అని. అక్కడ లేకపోతే ఎక్కడ చేస్తారో కనుక్కోండి. ఇంటికొచ్చాక గిలక్కాయ ఎంచక్కా ఆడించండి. కాకపోతే అది ఆటకే... పరీక్షకి కాదు!